ఆరున్నొక్కటి

నింపుడుకి ఇరవై రెండు రోజులు

ఈ పుస్తకం కార్యాలయం వాళ్ళు నాకు ఇచ్చింది చేతి నొప్పులు రాయడానికి. ముందు పేజీల్లో గళ్ళు గీసి ఉన్నాయి. తేదీ, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, నొప్పి ఉందా లేదా. తొమ్మిదేళ్ళుగా నేను లేదు, లేదు, లేదు అనే రాస్తున్నాను. ఉందని రాస్తే ఏమవుతుందో తెలియదు కాబట్టి ఎప్పుడూ రాయలేదు. వెనక పేజీలకు గళ్ళు లేవు. వాటిని ఎవరూ తిప్పి చూడరని కార్యాలయంలో తుడిచే సింహాలమ్మ చెప్పింది. చూస్తే ఏమవుతుందా అని రెండు రోజులు ఆలోచించి, ఇవాళ మొదలుపెట్టాను.

ఇవాళ మా కూతురు కొర్లు చీటీ తెచ్చింది. మనవరాలు పోలికి పదకొండేళ్ళు నిండాయి. ఇంక ఇరవై రెండు రోజుల్లో నింపుడు. మూడు పొద్దులు ఆ యంత్రం తొడుగులో చేతులు పెట్టి కూర్చుంటే నాలుగో పొద్దుకి మంచువల అల్లడం వచ్చేస్తుంది. ఆ తొడుగులో ఉన్న పని నాదే. తొమ్మిదేళ్ళ కిందట నా రెండు చేతులకీ భుజాలకీ తీగలు చుట్టి, నలభై రోజులు నా చేత వల అల్లించి, పనిని అందులోకి తీసుకున్నారు. మూలచెయ్యి అంటారు నన్ను. ఈ కొండ మీద స్తంభాలెక్కి వలలు కట్టే పిల్లలందరికీ నా చెయ్యే. నాలుగు వందల మంది పైనే ఉంటారు.

కొర్లు ముఖం వెలిగిపోతోంది. "అమా, మన గుంటకి బయటోళ్ళ సెయ్యి కాదు, నీ సెయ్యే వొత్తాది" అంది.

నేనూ సంతోషించాలి. కానీ ఆ రోజు పోలికి జ్వరం వస్తే? తొడుగు పెద్దదైతే? నాకు ముందు ఇవే తోస్తాయి. పోలి మాత్రం ఏమీ పట్టనట్టు బయట మెట్ల మీద ఆడుకుంటోంది. మా ఇంటికి ఇరవై ఒక్క మెట్లు. ఎడమ పక్కన పట్టుకోవడానికి తాడు కట్టి ఉంటుంది. అవతల లోయ. ఎక్కినప్పుడల్లా అది మెట్లు లెక్కపెడుతూ, కొండంతా వినపడేలా ఒక్కో అంకె అరుస్తుంది. తాడు గట్టిగా పట్టుకోమని నేను లోపలినుంచి అరుస్తాను.


ఇరవై రోజులు

కొర్లు అన్నం డబ్బా మరిచిపోయి వెళ్ళింది. అది తొట్ల దగ్గర పని చేస్తుంది. కొండ అంచుకి వెళ్ళాలంటే నాకు భయం, కళ్ళు తిరుగుతాయి. అయినా అది పస్తుంటే ఎలా అని పట్టుకెళ్ళాను.

మూలచెయ్యినే అయినా ఆ స్తంభాల కిందకి ఎప్పుడూ వెళ్ళలేదు. పొద్దున్నే సముద్రం మీదినుంచి మంచు లేచి వచ్చి వలలకు తగులుతుంది, నీళ్ళయి కాలవల్లోకి కారుతుంది, కాలవలు తొట్లలోకి. తొట్లలోంచి ముందు అధికారులుండే గాజు వరస ఇళ్ళకి వెళ్ళి, తరవాత మాకు వస్తుంది. వానలు మాట తప్పిన దగ్గర్నుంచి ఈ నీళ్ళే. వల చిరిగితే నీళ్ళు లేవు. అందుకే పిల్లలు ఎప్పుడూ పైనే ఉంటారు.

డబ్బా ఇచ్చి తల ఎత్తాను. ఎనిమిది స్తంభాల మీద ఎనిమిది మంది పిల్లలు ఒకే వరస అల్లుతున్నారు. కాళ్ళు స్తంభానికి చుట్టి, ఎడమ మోచెయ్యి దానికి మెలేసి పట్టుకుని అల్లుతున్నారు. నేను చూస్తుండగానే ఎనిమిది ఎడమ భుజాలూ ఒక్కసారి చెవి దగ్గరికి లేచాయి. ఎనిమిది ఎడమ చేతులూ స్తంభం వదిలి చెవి మీదికి వెళ్ళి, వెంటనే దిగాయి. మళ్ళీ అల్లసాగారు. కాసేపటికి మళ్ళీ లేచాయి.

నేను లెక్కపెట్టక్కర్లేకపోయింది.

వరసలో ప్రతి ఏడో ముడికి రెండు మెలికలు వెయ్యాలి. ఆ అంకె ఇక్కడ ఒక్కసారి రాస్తున్నాను, నా మాటగా ఇంక రాయను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మేనత్త దానమ్మ నన్ను కింద సముద్రపొడ్డున ఇసకలో కూర్చోబెట్టి పని నేర్పింది. నా ఎడమ పక్కన కూర్చుని లెక్క తను చెప్పేది. ఆరు దాకా మామూలుగా అనేది. తరవాత ఆ అంకె అని, వెదురు సూదితో చెవి మీద ఒక్కటి కొట్టేది. రెండో మెలిక మరిచిపోతే మరిచిపోయినందుకు. మరిచిపోకపోతే ఎప్పటికీ మరిచిపోకుండా ఉండటానికి. ఆవిడ అన్నది లెక్కో, ఏడవమని చెప్పడమో నాకు చాలా రోజులు తెలియలేదు. రెండూ చేసేదాన్ని.

అప్పట్నుంచి ఆ అంకె నా నోట రాదు. బియ్యం కొలిచేటప్పుడు పెద్దవాళ్ళు అనేటట్టు ఆరున్నొక్కటి అంటాను. ఆ ముడి దగ్గర చెయ్యి దానంతటదే చెవి మీదికి పోతుంది. ఇసకలో కూర్చున్నదానికి ఎడమ చెయ్యి లేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. నలభై అడుగుల ఎత్తులో ఉన్నవాళ్ళ సంగతి అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.


పద్ధెనిమిది రోజులు

పక్కింటి ఆదెమ్మ కూతురు చిన్నమ్మడు నిన్న స్తంభం మీదినుంచి పడింది. పదహారేళ్ళ పిల్ల. నడుము తాడు ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి మార్చుకుంటూ పడింది. తుంటి విరిగింది. ఈ మంచుకాలంలో ఇది మూడోది. కార్యాలయం బోర్డు మీద కారణం గాలి అని రాశారు. నిన్న గాలి లేదు. తీగ మీద మా బట్టలు కదలలేదు. క్లిప్పులు ఊడిపోతాయేమో అని పొద్దంతా చూస్తూ కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు.

జావ కాచి తీసుకెళ్ళాను. చిన్నమ్మడు కళ్ళు మూసుకుని పడుకుంది కానీ వేళ్ళు దుప్పటి అంచు మీద అల్లుతూనే ఉన్నాయి. నేను పక్కన కూర్చుని ఆ వేళ్ళనే చూశాను. ఆ ముడి దగ్గర భుజం లేవబోయి, నొప్పికి పిల్ల కెవ్వుమంది.

"ఆపవే ఆ సేతులు!" అంది ఆదెమ్మ. "పడిపోయి కూడా పనేటే నీకు?"

"ఆగట్లేదే అమా, నానేటి సెయ్యను." తరవాత నావైపు తిరిగింది. "అమ్మమ్మా, నిన్నొకటి అడగాలి. ఆ రెండు మెలికల ముడి దగ్గర నన్నెవరో కొడతారనిపిస్తాది. సెవి మీద. రోజూ అనిపిస్తాది. ఎవులే కొట్టేది?"

"కలగన్నావేమో" అన్నాను.

"మా యమ్మ నన్నెప్పుడూ కొట్టలేదు. మా నాన్నా కొట్టలేదు. మరి నాకెలా తెలుసు ఆ దెబ్బ? ఎదురు సూదితో కొట్టినట్టుంటాది. నాను ఎదురు సూది సూడనే లేదు, మాకిచ్చింది పలాస్టిక్‌ది."

జావ గిన్నె చేతిలో ఉండగానే లేచి వచ్చేశాను. ఆదెమ్మ వెనకనుంచి "నూకాలప్పా, గిన్నె!" అని పిలుస్తూనే ఉంది.


పదహారు రోజులు

కార్యాలయానికి వెళ్ళాను. రెండు రోజులు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, మూడోసారికి లోపలికి వెళ్ళాను. నింపుడు అధికారి విదుల గారు. ముప్పై ఐదేళ్ళుంటాయి, మెత్తగా మాట్లాడుతుంది, కుర్చీ వేసింది.

"చెయ్యి నొప్పా అమ్మా?"

"నొప్పి లేదమ్మా. గాలి కాదమ్మా అది. నా భుజం." మొత్తం చెప్పాను. అత్త సంగతి, సూది సంగతి, చిన్నమ్మడు అడిగిన సంగతి.

ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపింది. "మాకు తెలుసమ్మా. మూడేళ్ళయింది తెలిసి."

"మరి గాలి అని రాశారు?"

"ఆ గడిలో మూడే మాటలు పడతాయి. గాలి, తడి, అజాగ్రత్త. అజాగ్రత్త అని రాస్తే పిల్లకి కార్డు పోతుంది. గాలి అని రాసి నేను మేలే చేశాను."

మళ్ళీ నా చెయ్యి తీసుకోమన్నాను. భుజం ఎత్తకుండా అల్లుతానన్నాను. ఆవిడ బీరువాలోంచి నూలు, సూది తీసి ఇచ్చింది. నా వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కి పట్టుకుంది. అల్లాను. ఆరు ముళ్ళు బాగానే పడ్డాయి. ఆ ముడికి ఒక్క మెలికే పడింది. మళ్ళీ అల్లాను. మళ్ళీ ఒక్కటే. అరవై ఏళ్ళలో తప్పని ముడి వరసగా నాలుగుసార్లు తప్పింది.

"చూశారా. మేమూ ఇదే చూశాం. భుజం తీసేస్తే ముడి కూడా పోతోంది. దెబ్బా, మెలికా మీకు వేరువేరుగా రాలేదు, ఒక్కటిగానే వచ్చాయి" అంది.

"నా చెయ్యే ఎందుకు తీసుకున్నారమ్మా? ఇంత మంది ఉండగా?"

"తొమ్మిది మందిని చూశాం. మిగతావాళ్ళందరూ పదివేల ముళ్ళకి ఇరవయ్యో ముప్పయ్యో తప్పారు. మీరు ఒక్కటి కూడా తప్పలేదు."

ఆ మాటకి నాకు లోపల గర్వమనిపించింది. అనిపించిందని రాస్తున్నాను, దాచి ఏం లాభం.

బల్ల మీద చిన్నపిల్లవాడి బొమ్మ ఒకటి చట్రంలో ఉంది. "మీ బాబుకి కూడా అయిందా నింపుడు?" అని అడిగాను, మాట మార్చడానికి.

"వాడికి నింపుడేంటమ్మా. వాడు చదువుకుంటున్నాడు, గాజు వరస బడిలో."

"ఎన్నాళ్ళు?"

"ఇంకో పదేళ్ళు."

"తప్పు చేస్తే?"

"ఎందుకు తప్పయిందో వాళ్ళ టీచరు వాణ్ణే కనుక్కోమంటుంది. ఒక్కోసారి ఒక తప్పుకి వారం పడుతుంది" అని నవ్వింది. కొడుకు మీద ముద్దుతో నవ్విన నవ్వే, నన్ను చూసి కాదు.

వాళ్ళ పిల్లవాడికి ఒక్క తప్పుకి వారం. మా పిల్లకి బతుకంతటికీ కలిపి మూడు పొద్దులు.

"మా మనవరాలికి వద్దంటే ఏమవుతుంది?"

"కార్డు రాదు. కార్డు లేకపోతే నీళ్ళ వాటా లేదు, మీకు తెలుసు కదా. ఇంకొక దారి ఉంది కానీ..." ఆగింది. "పని ముందే వచ్చేసిన చేతికి తొడుగు ఎక్కదు. ఎర్ర దీపం వెలుగుతుంది. నిండిన చెయ్యి అని రాసుకుని, నలభై వరసలు అల్లించి చూస్తాం. ఒక్క ముడి కూడా తప్పకపోతే కార్డు ఇస్తాం. నేను వచ్చాక ఒక్కరూ రాలేదు అలాగ. చేత్తో నేర్పేవాళ్ళు ఎవరున్నారు?"


పదిహేను రోజులు

కొర్లుకి చెప్పాను. పోలికి నేను నేర్పుతాను, తొడుగు వద్దు అన్నాను.

"నీకు మతి పోయిందేటే?" అంది. "మూడు పొద్దుల్లో వొచ్చేదానికి నువ్వు నేర్పుతావా?"

"అందులో దెబ్బ ఉందే. చిన్నమ్మడు పడింది అందుకే."

"యంతరం కొట్టదు కదా!"

"అందులో ఉన్నది నేనేనే."

అది గరిటె కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. ఎడమ వైపు జుట్టు వెనక్కి తోసి, చెవి చూపించింది. "ఇటుపక్క నాకు సగం వినపడదని ఎరగవా నువ్వు?"

"చిన్నప్పుడు జ్వరం వచ్చింది కదే..."

"జొరం కాదే అమా. నువ్వు. ఎనిమిదేళ్ళప్పుడు నన్ను కూకోబెట్టి నేర్పలేదూ? వారం రోజులు. ఆఖరి రోజు రగతం వొచ్చింది. నాను మా నాన్న పడవలోకి పారిపోయి దాక్కున్నాను. మరి నేర్పలేదు నువ్వు. దీనికి రాదు, మొద్దు ముండ అని ఊరంతా సెప్పేవు."

నాకు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు. గుర్తు చేసుకోవాలని కూర్చుంటే ఇసక గుర్తొస్తోంది, నూలు గుర్తొస్తోంది, కొర్లు ముఖం గుర్తు రావడం లేదు. దాని ఎడమ పక్కన కూర్చుని ఉంటాను, అందుకేనేమో.

"అందుకే నింపుడు రావాలని మొక్కుకున్నాను. నా కూతురికి ఎవులూ పక్కన కూకోకుండా పని రావాలని" అంది కొర్లు.

అన్నం మాడిన వాసన వచ్చింది. ఆఖరికి అదే అంది, "సరే, నేర్పు. ఒక్కసారి సెయ్యెత్తేవంటే ఆ రోజే తొడుగులో కూకోబెడతాను."


పదమూడు రోజులు

కొట్టకుండా ఎలా నేర్పుతారో నాకు తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే అందరం ఒకలాగే నేర్చుకున్నవాళ్ళం. నేను పోలికి ఎడమ పక్కన కాకుండా ఎదురుగా కూర్చున్నాను. నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. పనంతా నోటితోనే చెప్పాలి. నోటితో చెప్పబోతే నాకు తెలిసిన పనిలో సగం మాటల్లోకి రావడం లేదు.

"ఆరు అయ్యాక రెండు మెలికలు వెయ్యి" అన్నాను.

"ఎందుకు?" అంది పోలి.

"వెయ్యాలి కాబట్టి."

"అదే ఎందుకు? ఆరో దానికి ఎందుకు కాదు?"

నాకు తెలియదు. నూలు పట్టుకుని అరవై ఏళ్ళు. ఎందుకో నాకు తెలియదు. ఒక్కసారి అడిగాను అత్తని. ఆ రోజు రెండు దెబ్బలు పడ్డాయి.

"నీక్కూడా తెల్దా?" అని పకపకా నవ్వింది. "భలే దానివే అమ్మమ్మా, నాలుగొందల మందికి నేర్పీసేవు తెలీకుండానే!"


పన్నెండు రోజులు

పోలి ఎక్కణ్ణుంచో పాత వల ముక్క తెచ్చి, కత్తెరతో ఒక కన్ను తెంపింది. వద్దే అని అరిచాను, వల తెంపితే వాటా కోస్తారు. "పనికిరాని ముక్కేనే, భయపడకు, సూడు" అంది. తెగిన చోట పట్టుకుని రెండు వైపులకీ లాగింది. చిరుగు ఒక్కో ముడీ జార్చుకుంటూ పరిగెత్తి, రెండు మెలికల ముడి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఎంత లాగినా ఇంక కదల్లేదు.

"ఇదే! ఒక మెలికైతే జారిపోతాది. రెండుంటే ఆగిపోతాది. వలంతా పోకుండా ఇక్కడ ఆపుతాది!"

నేను ఆ చిరుగునే చూస్తూ కూర్చున్నాను. ఇంత చిన్న సంగతి. చెప్పడానికి నాలుగు మాటలు పట్టేది అత్తకి. ఆవిడకీ తెలియదేమో. ఆవిడ చెవి మీద ఎవరు కొట్టారో.

"అలాగైతే నాలుగో దానికే వేత్తే?" అంది పోలి. అల్లి చూశాం. వల బిర్రుగా అయిపోయింది, నీళ్ళు చల్లితే మెలికల దగ్గరే నిలిచిపోయి కిందికి కారలేదు. "అందుకే ఏడు! ఏడంటే సరిగ్గా సరిపోతాది!" అని ఎగిరింది.

"ఆ అంకె అనకే. ఆరున్నొక్కటి అను."

"ఏడంటే ఏడే. ఇందులో ఏడుపెక్కడుంది?" అని నా బుగ్గ గిల్లి, మెట్ల మీదికి పోయి, ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా ఒక్క అంకె విడవకుండా అరిచింది.

ఈ కొండ మీదికి వచ్చాక ఇంత సంతోషంగా ఉన్న రోజు నాకు గుర్తు లేదు. అందుకే భయంగా ఉంది.


తొమ్మిది రోజులు

ఇరవై వరసలు తప్పు లేకుండా వస్తోంది. తరవాత దాని మనసు ఎక్కడికో పోతుంది. మేక గురించి చెబుతుంది, మబ్బు గురించి చెబుతుంది, చిన్నమ్మడు నడవగలదా అని అడుగుతుంది. తప్పిన ముడి తనే పట్టుకుంటుంది, విప్పుతుంది, మళ్ళీ వేస్తుంది. మంచిదే. కానీ పరీక్షలో విప్పడానికి ఒప్పుకోరు. ఒక్కటి తప్పితే అయిపోయినట్టే.

ఇంకొక నెల ఉంటే వచ్చేస్తుంది. నాకు తెలుస్తోంది, నెల చాలు. విదుల గారి బాబుకైతే నెల ఇస్తారు.


ఆరున్నొక్క రోజులు

అనుకున్నాను. మూడే రోజులట. ఇవాళ కొత్త చీటీ వచ్చింది. పైన చేతులు తక్కువయ్యాయి కాబట్టి నింపుడు నాలుగు రోజులు ముందుకి జరిపారు. చేతులు ఎందుకు తక్కువయ్యాయో చీటీలో లేదు.

పోలి ఇవాళ ఇరవై నాలుగో వరసలో తప్పింది.


రెండు రోజులు

ఇరవై తొమ్మిదిలో తప్పింది. నాకు అన్నం సయించలేదు. చేతులు తొడల కింద పెట్టి పెట్టి మొద్దుబారిపోతున్నాయి. కొర్లు వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ నా చేతులవైపే చూస్తోంది.


రేపే

రాయాలో వద్దో తెలియడం లేదు.

మధ్యాహ్నం కొర్లు తొట్ల దగ్గరికి వెళ్ళాక కూర్చున్నాం. పదో వరసలో తప్పింది. మొదటినుంచి మొదలుపెట్టాం. పదహారులో తప్పింది. "రేపేనే, రేపే" అన్నాను. "తెలుసులే, వొత్తాది లేవే, నువ్వు బెంగెట్టుకోకు" అంది, నవ్వుతూనే. మళ్ళీ మొదలుపెట్టింది. ముప్పై దాటింది. ముప్పై ఐదు దాటింది. ముప్పై ఎనిమిదో వరసలో నాకేదో చెప్పబోయి తల ఎత్తింది. "అమ్మమ్మా, మరేమో" అంది. రెండో మెలిక వెయ్యలేదు.

నా చెయ్యి తొడ కిందినుంచి ఎప్పుడు బయటికి వచ్చిందో నాకు తెలియదు. సూది దాని చేతిలోంచి ఎప్పుడు తీసుకున్నానో, ఎదురుగా కూర్చున్న నేను దాని ఎడమ పక్కకి ఎప్పుడు జరిగానో తెలియదు. చప్పుడు వినపడింది. ఆ వెనకే ఒక గొంతు ఆ అంకె అంది. అత్త గొంతు అనుకున్నాను. నాదే.

పోలి ఏడవలేదు. చెవి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నన్ను చూసింది. మరేమో అని ఏం చెప్పబోయిందో చెప్పలేదు. నా చేతిలోంచి సూది తీసుకుని, తిరిగి మొదటి వరస మొదలుపెట్టింది.

నలభై వరసలు. ఒక్క ముడి తప్పలేదు. మళ్ళీ అల్లమన్నాను, మళ్ళీ నలభై. మేక లేదు, మబ్బు లేదు. ఎందుకు అని ఒక్కసారి కూడా అడగలేదు.

సాయంత్రం కొర్లు వచ్చి, "ఏటే, వొచ్చిందా?" అంది. పోలి జుట్టు చెవి మీదికి లాక్కుంది.

"వొచ్చింది" అంది.


నింపుడు రోజు

అరగంట తొడుగులో కూర్చోబెట్టారు. ఎర్ర దీపం వెలిగింది. నింపేవాడు రెండుసార్లు తీగలు సరిచూసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ ఎర్ర దీపమే వచ్చేసరికి విదుల గారిని పిలిచాడు. ఆవిడ నన్నూ పోలినీ చూసి, పెద్ద గదిలో చాప వేయించింది.

నేను ముళ్ళు చూడలేదు. భుజమే చూశాను. మొదటి వరసలో ఆ ముడి వచ్చింది, వెళ్ళింది. భుజం లేవలేదు. రెండో వరస. లేవలేదు. పదో వరసకి నాకు ఊపిరి ఆడటం మొదలైంది. ఇరవై, ముప్పై, నలభై. ఒక్కసారి కూడా లేవలేదు. ఒక్క దెబ్బే కదా, ఒక్కదానికే అంటుకోదు, అనుకున్నాను. దేవుడు చూశాడు అనుకున్నాను.

విదుల గారు ఒక్కో ముడీ వేలితో తడిమి చూసి లేచింది. "ఒక్కటి కూడా తప్పలేదు. ఎలా నేర్పారమ్మా?"

కొర్లు నావైపు చూస్తోంది.

"ఓపిగ్గా" అన్నాను.

ఆవిడ తన పుస్తకంలో రాసుకుంది. రాసింది నాకు కనపడింది. ఓపికగా. "మీ చేతికి వయసు అయిపోతోంది" అంది. "ఈ పిల్లకి పదమూడు నిండాక ఈ చెయ్యే తీసుకుంటాం. భుజం లేని చెయ్యి. ఇన్నాళ్ళకి దొరికింది."

కార్డు చేతిలో పెట్టేసరికి కొర్లు బోరున ఏడ్చేసింది. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయినప్పటినుంచి అది నా చెయ్యి పట్టుకున్నది లేదు. పెళ్ళికి ముందు కూడా ఎప్పుడు పట్టుకుందో గుర్తు లేదు. దారంతా వదల్లేదు. "నాను నిన్ను నమ్మనేదే అమా" అంది. "ఏటనుకోకు." నేను ఏమీ అనుకోలేదన్నాను.

మెట్ల దగ్గరికి వచ్చాం. గాలి వీస్తోంది, ఇవాళ నిజంగానే వీస్తోంది. పోలి ముందు ఎక్కుతోంది, ఎడమ చేత్తో తాడు పట్టుకుని. దాని వెనక నేను, నా చెయ్యి పట్టుకుని వెనకే కొర్లు.

"ఒకటి" అంది పోలి. అరవలేదు, మామూలుగానే అంది. "రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు."

ఒక్క క్షణం ఆగింది. ఎడమ చెయ్యి తాడు వదిలేసింది, చెవి మీదికి వెళ్ళింది.

"ఆరున్నొక్కటి" అంది.

తాడు మళ్ళీ పట్టుకుని ఎక్కిపోయింది. నేను వెనక్కి తిరగలేదు. కొర్లుకి కుడి చెవి బాగానే వినపడుతుంది.

నా చెయ్యి వదిలేసింది.